అంటుకోని నేత

గాజు గొట్టంలో ఊదారంగు వెలుగు.

మంట కాదు. సెగ లేదు. సన్నగా వణికే వెలుగు, అంతే...

ఉరుకుందమ్మ గాజుకు ముఖం ఆనించి చూసింది. లోపల వేలాడుతున్నది ఆమె గుడ్డే. నాలుగు రోజుల కింద ఎమ్మిగనూరులో తన మగ్గం మీద నేసిన గుడ్డ.

నలభై ఏళ్లుగా నేస్తున్న చేతులవి. చీరలు నేశాయి. దుప్పట్లు నేశాయి. ఇంత పలుచని గుడ్డ ఎన్నడూ నేయలేదు. పోగుకూ పోగుకూ మధ్య గాలి ఆడాలని అడిగింది కూతురు.

కూతురు మహేశ్వరి. ఆదోనిలో ఒక కాలేజీ ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది.

గొట్టంలోని గాలిని తోడేస్తారట. ఒక ద్రవం ఆవిరిని రవ్వంత వదులుతారట. కరెంటు తగలగానే ఆవిరి విరిగి, వెలిగి, ఒక్కొక్క పోగునూ పొరలా చుట్టుకుంటుందట. కంటికి కనబడని పొర. ఆ వెలుగు పేరు ప్లాస్మా అని చెప్పింది.

బయటికి తీశాక గుడ్డ మీద నీటిచుక్క వేసింది మహేశ్వరి.

చుక్క ఇంకలేదు. గుండ్రంగా నిలబడింది. దొర్లి కింద పడింది.

ఉరుకుందమ్మ ఇంకో చుక్క వేసింది. అదీ దొర్లింది. నూలు నీళ్లు తాగకపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఈ గుడ్డతో పుండుకు కట్టు కడితే చీము సందుల్లోంచి పైనున్న దూదిలోకి పోతుంది. పోగు మాత్రం పుండుకు అంటదు. అదీ మహేశ్వరి తలపెట్టిన పని.

ఇదంతా శేషన్న కోసం మొదలైంది. ఉరుకుందమ్మ భర్త. నూలుకు రంగు వేసే కాగు ఒరిగి, మరిగే నీళ్లు కాలి మీద పడ్డాయి. షుగరు మనిషి. ఏడాది దాటినా పుండు మానలేదు. కట్టు విప్పిన ప్రతిసారీ గుడ్డతో పాటు కొత్త చర్మమూ లేచి వచ్చేది. అతను అరిచేవాడు కాదు. మంచం పట్టె గట్టిగా పట్టుకునేవాడు... ఆమె ఆ వేళ్లనే చూసేది.

ఆ గుడ్డను ఆ పూటే ఇంటికి తీసుకుపోతానంది ఉరుకుందమ్మ.

మహేశ్వరి ఇవ్వలేదు. "ఇంకా పరీక్షలు కాల్యామ్మా. అది పుండును ఏం చేస్తాదో ముందు తెల్యాల."

ఎనిమిది నెలలు. పరీక్షలు, సంతకాలు, అనుమతి కాగితాలు.

చివరికి ఆదోని ఆసుపత్రిలో మానని పుళ్లున్న ఇరవై మందిని ఎంచారు. పది మందికి పొర ఉన్న గుడ్డ. పది మందికి మామూలు గుడ్డ. తేడా తెలియాలి కదా. చీటీలు డాక్టరే తీశాడు.

శేషన్నకు మామూలు గుడ్డ వచ్చింది.

ఉరుకుందమ్మ కూతుర్ని వరండాలోకి పిలిచింది. "మీ నాయనకు గాక ఇంకెవురికి సేసినావే?"

మహేశ్వరి కళ్లు తుడుచుకుంది.

చీటీ మాత్రం మార్చమనలేదు.

ఐదో రోజు కట్లు విప్పారు.

శేషన్న పక్క మంచం మీద కోసిగి నుంచి వచ్చిన ఆంజనేయులు. వలసపోయిన చోట ఇటుకబట్టీలో చెయ్యి కాల్చుకున్నవాడు. నర్సు గుడ్డ అంచు పట్టుకుంది. అతను కళ్లు మూసుకుని పళ్లు బిగించాడు.

గుడ్డ లేచింది.

రక్తం లేదు. చప్పుడు లేదు. కింద పుండు చుట్టూ లేత చర్మం, ఎక్కడిది అక్కడే...

"ఇంగా తీయల్యాక్కా?" అన్నాడు ఆంజనేయులు, కళ్లు తెరవకుండానే.

తర్వాత శేషన్న వంతు. చర్మం లేచింది. రక్తం వచ్చింది. అతను పట్టె పట్టుకున్నాడు. చూపు మాత్రం ఆంజనేయులు చేతి మీదే ఉంది.

"సూడుమే," అన్నాడు భార్యతో, ఊపిరి కూడదీసుకుని. "పాప గెలిసింది. నా కాలు సూసి గూడా సీటీ మార్సల్యా... అదీ గెలుపే."

ఉరుకుందమ్మ తల తిప్పి చూసింది. వార్డు చివర గోడకు ఆనుకుని పుస్తకంలో ఏదో రాసుకుంటోంది మహేశ్వరి. రాత ఆగడం లేదు.

మామూలు గుడ్డ వచ్చినవాళ్లకు కొత్తది మూడు నెలల తర్వాతే. అందాకా ఆ కాలు ఎలా ఉంటుందో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు.

ఉరుకుందమ్మ కూతురి దగ్గరికి నడిచింది. చెదిరిన ముంగురులు చెవి వెనక్కి సర్దింది.

"ఇంగా ఎన్ని గజాలు గావాల, మహేశ్వరీ?"