ఎడమవైపు ఖాళీ

ముందు గాలి వినిపించింది. ఊళలా మొదలై, గుసగుసలా సన్నబడి, మళ్లీ ఊళ అయింది. ఆ గాలి అడుగున ఎవరో నడుస్తున్నారు. గడ్డకట్టిన ఉప్పు పెచ్చులు కాలి కింద పటపటమంటున్నాయి. నడక ఆగింది. ఎవరో పొడిదగ్గు దగ్గారు. ఆ దగ్గు విన్నాక గాని ఆమె కళ్లు తెరవలేదు.

తెరిస్తే ఎదురుగా తన భోజనాల బల్ల, బల్ల మీద టేపురికార్డరు, గోడకు ఆనించిన పెద్ద ఫొటో. ఫొటోలో ఆకాశం తెలుపు, నేల తెలుపు, రెంటినీ విడదీస్తూ దారమంత గీత. ఆ దగ్గిన మనిషి పోయి ఏడాది దాటింది.

ఆయన ఆమె భర్త. ఒకప్పుడు వీధి చివర స్టూడియో నడిపాడు. తరువాత దాన్ని మూసేసి, లోకం మీద పడి తిరిగి, మనిషి జాడ లేని చోట్లను ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నాడు. రాయడమంటే ఆయనకు ఒళ్లు బద్ధకం. ఫొటో తీసే ముందు ఆ చోటికి ఎలా చేరాడో, దాని గురించి ఎవరేం చెప్పారో టేపులో చెప్పుకునేవాడు. ఇంటికొచ్చాక క్యాసెట్లను చెప్పుల అట్టపెట్టెల్లో పడేసి మరిచిపోయేవాడు. ఇప్పుడు ఆ ఫొటోలతో ఒక ప్రచురణ సంస్థ పెద్ద పుస్తకం వేస్తోంది. కుడి పేజీలో బొమ్మ, ఎడమ పేజీలో దాని వెనక కథ. టేపులు విని కథలు రాసే పనిని ఆమె ఎవరూ అడగకుండానే నెత్తికెత్తుకుంది. ఆ గొంతు వినడానికి దొరికిన సాకును వదులుకోవడం ఎలా?

“మీరు రాసివ్వకపోతే అది పుస్తకం కాదమ్మగారూ, గోడకు తగిలించే క్యాలెండర్ అవుతుంది,” అని సంపాదకురాలు ఫోనులో నవ్వింది. గలగలా మాట్లాడే పిల్ల. అట్ట మీద వేసే పేరు కూడా ఆ పిల్లే పెట్టింది: ‘ఒంటరి బాటసారి’.

టేపులో ఆయన చెబుతున్నాడు. “ఇక్కడ వాన పడితే మర్నాటికి నేల అద్దమైపోతుందిట. లారీవాడు సైగలు చేసి చెప్పాడు. ఒకడు నడిస్తే ఇద్దరు కనిపిస్తారుట. వాడు దూరంగా లారీలో పడుకున్నాడు. వాన ఇంకా రాలేదు. అయినా ఇద్దరమే.”

ఆమె కలం ఆగింది. గాలి ఒకసారి సర్దుకుంది. కెమెరా స్టాండు మర తిరిగిన చప్పుడు. తరువాత ఆయన గొంతు, చాలా తగ్గి, చాలా దగ్గరగా:

“కొంచెం జరుగు.”

టక్.

ఆమె టేపును వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. లారీవాడితో అన్న మాట కాదు. వాడు దూరంగా ఉన్నాడు, వాడికి మన మాట రాదు, పరాయివాణ్ణి ఆయన ఎన్నడూ ఏకవచనంలో పిలిచి ఎరగడు. ‘జరగండి’ కాదు, ‘జరుగు’. అది ఇంటి మాట. చనువు మాట. ఆ మాట ఆమెకు ఎంత బాగా తెలుసో! స్టూడియో రోజుల్లో తెల్లగుడ్డ పట్టుకుని వెలుగు మళ్లిస్తూ నిలబడేది తనే. “జరుగు, నీ నీడ పడుతోంది,” అనేవాడు. ఫొటో దిగేవాళ్లను ‘ఇలా రండి’ అనేవాడు. ఫొటోలో పడకూడని మనిషిని మాత్రమే ‘జరుగు’ అనేవాడు.

అంటే ఆ తెల్లటి నేల మీద, బొమ్మకు అవతల, పడకూడని మనిషి ఎవరో నిలబడి ఉన్నారు.

మధ్యాహ్నానికి ఆమె మరో మూడు క్యాసెట్లు విన్నది. ఇంట్లో వాటిని దేశాల పేర్లతో పిలిచే అలవాటు లేదు, ‘మంచు’, ‘పొగకొండ’, ‘మెట్లు’ అనేవారు. మంచులో పళ్లు టకటకలాడుతుండగా, “జరుగు.” పొగకొండ అంచున, కింద ఏదో కుతకుత ఉడుకుతుండగా, “భయం లేదులే. జరుగు.” మెట్ల దగ్గర ఆయన నవ్వాడు కూడా. ఇంట్లో అలా నవ్వగా విని ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. ఆ నవ్వు వినలేక టేపును సగంలోనే ఆపేసింది.

కింద వాటాలో ఆమె తమ్ముడి చీకటిగది. బావ తీసిన ప్రతి ఫొటోనూ కడిగి అచ్చువేసినవాడు అతనే. ఆమె తలుపు తోసుకుని ఎర్రబల్బు వెలుగులోకి అడుగు పెట్టింది.

“తలుపు మూసెయ్యక్కా, వెలుగు తగిలితే కాయితం చస్తుంది.”

“చావనీ.”

అతను పళ్లెంలో కాయితాన్ని ఆడిస్తూ తల తిప్పాడు. “ఏం, మళ్లీ నీళ్ల మోటారు కాలిపోయిందా?”

“మీ బావ ఒంటరిగానే వెళ్లేవాడా?”

“ఒంటరిగానా? మూడు పెట్టెలు, ఒక స్టాండు, ఎప్పుడూ ఉండే ఆ కడుపుబ్బరం. అంత బలగంతో వెళ్లేవాణ్ణి ఒంటరి అంటావా?”

“వెటకారం తర్వాత. నువ్వు కడిగిన వాటిలో ఎక్కడైనా ఆడమనిషి కనిపించిందా? నిజం చెప్పు.”

పళ్లెం ఆగింది. “ఒక్క నీడ కూడా లేదక్కా. ఉంటే నీకు ముందే మోసుకొచ్చేవాణ్ణి కాదూ? నా నోట్లో ఏదీ నానదని నువ్వే అంటావుగా.”

“అయితే పైకి రా. కళ్లతో చూసింది చాలు, చెవులతో విను.”

అతను వచ్చి విన్నాడు. మొదటి ‘జరుగు’కు నవ్వబోయాడు. రెండోదానికి నవ్వు ఆగిపోయింది. మూడోదానికి లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“ఏదో అలవాటులో తనలో తాను అనుకుని ఉంటాడు,” అన్నాడు చివరికి.

“తనలో తాను ‘భయం లేదులే’ అనుకున్నాడా?”

ఆమె సంపాదకురాలికి ఫోను చేసి పుస్తకం ఆపమంది. అవతల గలగల ఆగిపోయింది.

“అమ్మగారూ, బొమ్మలన్నీ అచ్చుకు సిద్ధమైపోయాయి. ఏమైందో చెబితే...”

“ఆయన పక్కన ఎవరున్నారో నాకు తెలియాలి. అది తెలియకుండా, ఒంటరిగా తిరిగాడని నా చేత్తో నేను రాయలేను. ఎవరున్నారో తెలిసి, అది నేను అనుకుంటున్నదే అయితే, ఎన్నటికీ రాయను.”

ఆ మర్నాటి నుంచి ఇల్లు మారిపోయింది. వస్తువులన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి, వాటి మధ్య జాగాలు మాత్రం మారాయి. గోడకు ఆనించిన ఫొటోల్లో అంతవరకు కొండ కొండగా, మెట్లు మెట్లుగా కనిపించేవి. ఇప్పుడు కొండ పక్కన ఖాళీ కనిపిస్తోంది. మెట్ల పక్కన ఖాళీ కనిపిస్తోంది. ఎటు చూసినా, ఇప్పుడే ఎవరో లేచి వెళ్లిన పీటలా ఆ ఖాళీ వెచ్చగా ఉన్నట్టుంది. వంటింట్లోకి వెళుతూ గడప దగ్గర ఆమె గోడవైపు ఒదిగింది. ఒదిగాక తెలిసింది, ఎవరికో దారి ఇచ్చిందని. సోఫాలో కూర్చోబోయి ఒక చివరకు కూర్చుంది. మిగిలిన చివర ఎవరికి వదిలిందో తనకే తెలియలేదు. వెనక ఊపిరి విన్నట్టయి తిరిగి చూస్తే, ఆపడం మరిచిన టేపు. అందులో మాట లేదు, గాలి మాత్రం నడుస్తోంది. కోపం వస్తే బాగుండునని ఎదురు చూసింది. కోపమైతే ఎవరి మీదో తెలుస్తుంది. వచ్చింది భయం.

ఆ సాయంత్రం తమ్ముడు చంకలో ఫొటోల కట్టతో పైకి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. కట్ట విప్పి, పాతవాటి నుంచి కొత్తవాటి వరకు వరసగా నేలంతా పరిచాడు.

“కాఫీ తాగుతావా?”

“వద్దు. నేను చెప్పేది అడ్డు రాకుండా విను. తర్వాత నీ ఇష్టం, తిట్టు.” అతను మంచు ఫొటో ముందు గొంతుక్కూర్చున్నాడు. “ఈ ఎడమవైపు చూడు. బావ ఎప్పుడూ ఇంత వదిలేసేవాడు. దండగ జాగా, కోసేస్తానంటే చెయ్యి పట్టుకునేవాడు. ‘అక్కడేముంది బావా?’ అంటే, ‘అక్కడ చోటుందిరా’ అనేవాడు. పెద్దవాళ్ల పిచ్చి అనుకుని ఊరుకున్నా.”

“అయితే?”

“రాత్రంతా భూతద్దం పెట్టుకుని చూశా. ఇదిగో, కొండ చూడు. కొంచెం మసక. ఇక్కడ, ఎడమవైపు, నేల మీద మంచుపలుకు చూడు. గుచ్చుకునేటంత స్పష్టం. ఫోకసు కొండ మీద లేదక్కా. ఇక్కడుంది. ఏమీ లేని చోట. అన్నిటిలోనూ అంతే. బావకు చూపు మందగించిందనుకుని ఇన్నాళ్లూ నేనే సర్ది సర్ది అచ్చువేశా, నా తెలివి మండ.”

ఆమె నేలమీదికి వంగింది.

“బయట నిలబడమన్న మనిషి మీద ఎవరూ ఫోకసు పెట్టరు,” అన్నాడతను నెమ్మదిగా. “దాచుకోవాలనుకునేవాళ్లు అసలే పెట్టరు. నువ్వు విన్న మాట సరైనదే, అర్థం తిరగబడింది. బావ అవతలికి జరగమనలేదు. ఇవతలికి జరగమన్నాడు. బొమ్మలోకి.”

“బొమ్మలో ఎవరూ లేరు కదరా.”

“లేరు.”

నేలంతా పరుచుకున్న మంచు, ఉప్పు, బూడిద, రాయి. ప్రతి దానిలోనూ ఎడమవైపు ఎవరూ లేని చోట, వెంట్రుక కూడా లెక్కపెట్టగలిగినంత శ్రద్ధ. అప్పుడు ఆమె మరొకటి చూసింది. పాత ఫొటోలు నేలకు దగ్గరగా, వంగి తీసినవి. ఆ తరువాతవి కొంచెం ఎత్తు నుంచి. ఆ తరువాతవి ఇంకొంచెం. ఆయన చూపు ఏటికేడు పైకి లేస్తూ వచ్చింది. ఎదురుగా ఉన్నది ఏదో ఏటికేడు ఎదుగుతున్నట్టు.

“మెట్ల టేపు పెట్టు,” అంది.

నవ్వు దగ్గర ఆమె ఆపేసిన టేపు అది. ఇప్పుడు ఆపలేదు. నవ్వు అయిపోయాక ఆయన అన్నాడు: “అబ్బో, పొడుగైపోయావే. తల తెగిపోతోంది. ఉండు, స్టాండు ఎత్తనీ.” మర కిరకిరమని తిరిగింది. “ఊఁ. ఇప్పుడు జరుగు.”

పొడుగైపోయావే. పెళ్లాంతో అనే మాట కాదు. ప్రియురాలితో అనే మాట కాదు. ఆ మాట అనిపించుకునే వయసు ఒకటే ఉంటుంది.

బడి మొహం చూడకుండానే జ్వరంతో వెళ్లిపోయిన కూతురు ఒకతె ఆ ఇంట్లో ఉండేది. పిల్ల పోయిన నెల రోజులకు ఆమె స్టూడియో గోడల మీది దాని ఫొటోలన్నీ దించి, ఎవరూ చూడకుండా కాల్చేసింది. ఆ పేరు మళ్లీ ఎత్తితే తాను బతకనని భర్త చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆయన స్టూడియో మూసేసింది అప్పుడే. ఆ తరువాత మనిషి మొహం తీయలేదు. పిల్లకు పిలుపుపేరుగా పెట్టినది లోకంలో అందరూ వాడుకునే మామూలు మాట. అందుకని ఆ ఇంట్లో మాటలే తప్పుకు తిరిగాయి. మబ్బు పట్టి కిటికీ రెక్కలు తడుస్తుంటే “వాన” అనేవారు. వానకు ముందు వచ్చే చిన్న మాటను ఎవరూ అనేవారు కాదు. వచ్చే చుట్టాలకు తమ్ముడు గుమ్మంలోనే చెవిలో చెప్పి లోపలికి పంపేవాడు.

ఇంట్లో చోటు లేకపోతే, పిల్లను తీసుకుని ఆయన లోకమంతా తిరిగాడు.

తమ్ముడు చొక్కా అంచుతో ముక్కు తుడుచుకున్నాడు. “నాతోనైనా ఒక మాట అనకపోయాడు చూడు. రోజూ నా పక్కన నిలబడే టీ తాగాడు.”

“అంటే నువ్వు నాకు చెబుతావని.”

“చెప్పేవాణ్ణే.”

“నేను ఇల్లు పీకి పందిరేసేదాన్ని.” ఆమె ఒక్కో ఫొటోనూ చేత్తో తాకుతూ, ఎడమవైపు మాత్రం వేలు పడకుండా చూసుకుంది. “ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యరా. పుస్తకం ఆపొద్దను. అట్ట మీంచి ‘ఒంటరి’ తీసెయ్యమను. బొమ్మల్లో ఒక్క గోరంత కూడా కొయ్యొద్దను.”

“ఎందుకంటే ఏం చెప్పను?”

“ఎడమ పేజీలో నేను రాస్తానని చెప్పు.”

అతను ఫోను చేసి వచ్చేసరికి ఆమె పెట్టెలో మిగిలిన ఆఖరి క్యాసెట్ తీసి పెట్టింది. ఆ చోటు ఫొటో ఎక్కడా లేదు. ఆ రీలు ఖాళీగా వచ్చిందని, బావ ఆ ప్రయాణం నుంచి జబ్బుతోనే తిరిగొచ్చాడని తమ్ముడు అన్నాడు. టేపులో సముద్రం. రాళ్ల మీద అలలు పగిలి, వెనక్కి జారి, మళ్లీ పగులుతున్నాయి. ఆయన ఆయాసపడుతున్నాడు.

“ఇది నేల చివర. ఇక్కణ్ణుంచి ముందుకు ఏమీ లేదని పడవవాడు చెప్పాడు. అందుకే నిన్ను తీసుకొచ్చా.” చాలాసేపు అలలు. “ఈపాటికి మీ అమ్మంత అయ్యుంటావు. ఇక స్టాండు ఎత్తే పని లేదు.” దగ్గు. “ఒక్కసారి పేరు పెట్టి పిలుద్దామనుకున్నా. ఇక్కడ ఎవరు వింటారు? నోటిదాకా వచ్చింది. కానీ మాటిచ్చాను కదా. ఆ పిలుపు మీ అమ్మదే. ఆవిడ పిలిస్తే పలుకు, ఏం?”

అలలు. మర తిరగలేదు. టక్ మనలేదు. ఫొటో తీయకుండా, మాట్లాడకుండా, ఆయన అక్కడ నిలబడే ఉన్నాడు. టేపు తిరుగుతోంది. ఆయన ఊపిరి పక్కన, సముద్రానికీ గదికీ మధ్య, ఎవరో చెవి ఒగ్గి నిలబడ్డట్టుంది.

“ఆపెయ్యనా అక్కా?” అన్నాడు తమ్ముడు, చెయ్యి చాపి.

ఆమె ఆ చేతిని పట్టుకుని ఆపింది. పెదవులు ఒకసారి కదిలాయి, గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి కదిలాయి. ఇన్నేళ్లుగా ఆ ఆకారంలోకి తిరగని నోరు, తిరగడానికి తడుముకుంది.

“చినుకూ,” అని పిలిచింది.