ముసలమ్మ దవడ కదిలిందని

నాకు పెద్దగా చదువు లేదు. కూడబలుక్కుని చదవగలను గానీ, తెర మీద బొమ్మ పెదవులు కదిలే వేగాన్ని నా చదువు అందుకోలేదు. అందుకే డబ్బింగ్ గదిలో మా అమ్మాయి నా పక్కనే నిలబడి ఒక్కొక్క మాటా చెవిలో వేసేది, నేను మైకులో పలికేదాన్ని. పరాయి దేశాల బొమ్మల సీరియళ్ళకి మన భాషలో మాటలు రాయడం దాని ఉద్యోగం. ముసలి గొంతు కావలసినప్పుడల్లా స్టూడియో వాళ్ళు, "మీ అమ్మగారిని పట్టుకురండి, ఆవిడ నోరు ఎలాగూ ఊరుకోదు" అనేవాళ్ళు. అలా దిగాను ఆ పనిలోకి.

ఇప్పుడు చెప్పబోయే సీరియల్ జపాన్ వాళ్ళది. నా మనవరాలు యానిమే అంటుంది, నేను బొమ్మల కథ అంటాను. ఎప్పుడూ వాన కురిసే ఊళ్ళో గొడుగులు బాగుచేసే ఒక ముసలమ్మ, తల్లి పోయాక ఆవిడ పంచన చేరిన ఒక మనవరాలు. ఆ పిల్లకి మేం పెట్టుకున్న పేరు పిచ్చుక. అంతే కథ. యుద్ధాల్లేవు, మంత్రాల్లేవు. పిల్ల బడికి పోతుంది, వస్తుంది. ముసలమ్మ గొడుగు ఊచలు సరిచేస్తూ కూర్చుంటుంది. తను ఆ ఇంట్లో ఉండడం బామ్మకి ఇష్టమో కాదో పిల్లకి తెలియదు.

ఆ మాత్రం కథకి ఇక్కడ జనం ఎంత పిచ్చెక్కిపోయారో చెప్పలేను. పిల్లలు బడి సంచులు విసిరేసి టీవీ ముందు కూలబడేవాళ్ళు, వెనకాలే తల్లులు, ఆ వెనకాల గుమ్మానికి ఆనుకుని, చూడనట్టు నటిస్తూ తండ్రులు. గొడుగు బొమ్మ లేని పెన్సిల్ డబ్బా కొంటే మా మనవరాలు మూడంకె వేసుకుని పడుకుంది. అదే సీరియల్ జపాన్‌లో ఎవరికీ పట్టలేదట. సగంలో ఆపేశారట. అక్కడి పిల్లలకి దాని పేరు కూడా తెలియదట. ఎందుకలాగ అని ఎవరిని అడిగినా తలో మాటా చెప్పేవారు. ఛానెల్ ఆయన, "మనం బడి వదిలే వేళకి వేశామండీ, వాళ్ళు తెల్లవారకముందే వేసుకున్నారు" అనేవాడు. మా పక్కింటావిడ, "ఆ బామ్మ అచ్చం మనింట్లో మనిషేనండీ" అనేది. అది విని నేను లోపల్లోపల మురిసిపోయేదాన్ని. గొంతు నాదే కదా మరి.

ఆగిపోయిన కథని పూర్తిచేయించాలని ఛానెల్ వాళ్ళు ఆ బొమ్మలు గీసినాయనకి కబురు పెట్టారు. ఖర్చు మాది, మిగతా భాగం గీసివ్వండి అని. ఆయన, "నా దేశంలో నచ్చనిది అక్కడెందుకు నచ్చిందో ముందు చూస్తాను, తర్వాత చెబుతాను" అన్నాడట. పెద్దవాడు. చేతికి వణుకు వచ్చేసింది. ఇప్పుడు గీయకపోతే ఇంక గీయడని అందరికీ తెలుసు. పిచ్చుక కథకి చివర ఉంటుందా, ఉండదా అన్నది ఆయన చూపు మీద ఆధారపడింది.

వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉన్నాడు. వెంట ఆయన మాటలు మాకూ మా మాటలు ఆయనకూ చెప్పే దుబాసీ అమ్మాయి. గోడల నిండా నల్ల స్పాంజి అంటించిన మా చిన్న గదిలో ఆయనకి మంచి కుర్చీ వేశాం. అద్దానికి అవతల సౌండు ఇంజనీరు. ఆయన్ని మేమంతా చెవులుగారు అంటాం. పక్కవీధిలో ఆటో హారన్ కొట్టినా వినబడి, "మళ్ళీ" అంటాడు మరి.

బొమ్మ మొదలైంది. పిచ్చుక తడిసి ఇంట్లోకి వచ్చింది. పిల్ల గొంతు విని ఆయన తల పంకించాడు. తర్వాత ముసలమ్మ కనబడింది. చేతిలో విరిగిన ఊచ, నోటి దగ్గర దవడ ఆడుతోంది. నా గొంతు అందుకుంది.

"తలుపు వెయ్యవే పిచ్చుకా, జల్లు కొడుతోంది. ఆ తడి జుట్టేంటే, జలుబు చేస్తే ఎవరు మూలుగుతారు, నువ్వా నేనా? చెప్పులు అక్కడా పెట్టేది?"

ఆయన చెయ్యి పైకెత్తాడు. చెవులుగారు బొమ్మ ఆపేశాడు.

"ఎవరు మాట్లాడుతున్నారని అడుగుతున్నారు," అంది దుబాసీ అమ్మాయి.

"బామ్మండీ," అంది మా అమ్మాయి.

ఆయన ఏదో మెల్లగా అన్నాడు. దుబాసీ అమ్మాయి చెప్పింది. "బామ్మ మాట్లాడదు అంటున్నారు. కూతురు పోయిన దగ్గర్నుంచీ ఒక్క మాట కూడా మాట్లాడదట. కథే అదట."

నేను చప్పున మా అమ్మాయి కేసి చూశాను.

మా అమ్మాయి ముఖం పాలిపోయింది. "మరి దవడ కదులుతోంది కదండీ!" అంది. "మా దగ్గరికి గొంతులు వేరు, వాన చప్పుడు వేరు, పాటలు వేరుగా వచ్చాయి. బామ్మ గొంతు ఉండాల్సిన చోట ఖాళీ. పంపడంలో పోయిందనుకున్నాం. అమ్మిన కంపెనీని అడుగుదామంటే అది మూతపడింది. నోరు కదిలితే మాట ఉండాల్సిందే కదండీ, మా పనే అది. అందుకని అమ్మని మాట్లాడమన్నాను..."

ఆయన తన దవడ మీద వేలు పెట్టి చూపించాడు. పళ్ళు లేవట ఆ ముసలమ్మకి. వట్టి నోరు నములుతూ కూర్చుంటుంది. ఆయన్ని పెంచిన సొంత బామ్మ అలాగే ఉండేదట. ఇంట్లో ఎవరో పోయాక నోరు మూసుకుంది, మరి తెరవలేదు. ఆయన కుర్రాడిగా ఉన్నన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని ఆ దవడ కేసి చూస్తూ ఉండేవాడట, ఇప్పుడు మాట్లాడుతుందేమో, ఇప్పుడేమోనని.

"చివర ఏమవుతుందండీ?" అన్నాడు చెవులుగారు, అద్దం వెనకాల నుంచి ఎప్పుడు వచ్చాడో వచ్చి.

దుబాసీ అమ్మాయి అడిగి చెప్పింది. పిచ్చుకని తీసుకుపోవడానికి పిన్ని వస్తుంది. పిల్ల సంచి పుచ్చుకుని గుమ్మం దాకా వెళుతుంది. అప్పుడు ముసలమ్మ మొట్టమొదటిసారి నోరు విప్పి పేరు పెట్టి పిలుస్తుంది. పిల్ల ఆగిపోతుంది. ఆ ఒక్క పిలుపు కోసమే ఆయన అన్ని బొమ్మలూ గీశాడు.

"అక్కడ ఆవిడ మౌనం భరించలేక జనం లేచిపోయారట," అంది ఆ అమ్మాయి, కళ్ళు దించుకుని. "ఇక్కడ అసలు మౌనమే లేదు, రోజూ పిలుస్తూనే ఉంది, ఇంక నా పిలుపుకి విలువేముంది, ఎవరికోసం గీయను అంటున్నారు. మీకు నచ్చింది నా కథ కాదు అంటున్నారు."

ఆయన లేచి కోటు తొడుక్కుంటున్నాడు. మా అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, కానీ నోరు ఆడింది. నా నోటికి సమయం సందర్భం ఎప్పుడున్నాయి కనుక.

"అన్నయ్యగారూ, ఆ టీ చల్లారిపోతోంది. తిట్టేదేదో కూర్చుని తిట్టండి."

దుబాసీ అమ్మాయి దాన్ని ఎలా చెప్పిందో ఏమో, ఆయన కోటు ఒక చేతికి తొడుక్కుని, రెండో చెయ్యి అలాగే వదిలేసి కూర్చున్నాడు. నన్నే చూశాడు.

"ఆ మాటలన్నీ ఎవరు రాశారని," అంది దుబాసీ అమ్మాయి.

"ఎవరూ రాయలేదమ్మా. దవడ ఆడినంతసేపూ మాట్లాడమంది మా అమ్మాయి. మా మనవరాల్ని ఏమంటానో అవే అన్నాను."

ఆయన గొంతులన్నీ తీసేసి బొమ్మ మాత్రం వేయమన్నాడు. దవడ కదిలిన చోటల్లా నేనేమన్నానో దుబాసీ అమ్మాయిని తన భాషలో చెప్పమన్నాడు. గదిలో వాన బొమ్మ, చప్పుడు లేదు. ఆ అమ్మాయి చెబుతోంది. తలుపు వెయ్యి. సాక్సులు ఆరెయ్యి. ఆ పుస్తకం కళ్ళల్లో దూరిపోతోంది, వెనక్కి జరుగు. గొడుగు తీసుకెళ్ళు, కొత్తది కాదు, పాతదే గట్టిది. రాత్రి ఎందుకు కలవరించావు? నా పక్కన పడుకో, కాళ్ళు మాత్రం తన్నకు. అలా భాగం అంతా. సిగ్గేసింది నాకు. ఇంటి కబుర్లు వీధిలో పరిచినట్టుంది.

అయ్యాక ఆయన ఒకటే అడిగాడు. "నువ్వంటే నాకిష్టమని, ఇక్కడే ఉండమని ఎక్కడైనా అందా?"

"అయ్యో, ఎవరంటారు బాబూ అలాగ ముఖం మీద?" అన్నాను. "చెప్పులు లోపల పెట్టమంటాం గానీ."

ఆ మాట ఆయనకి చేరాక ఆగిపోయిన తెర కేసి, ముసలమ్మ దవడ కేసి చూస్తూ ఏదో అన్నాడు. చాలా మెల్లగా. దుబాసీ అమ్మాయి నీళ్ళు తాగి చెప్పింది.

"మా బామ్మ కూడా లోపల ఇవే అనుకుంటూ ఉండేదేమో అంటున్నారు. దవడ ఊరికే ఆడలేదేమో అంటున్నారు."

అప్పుడు చెవులుగారు నా కేసి తిరిగాడు. "పిన్నిగారూ, నేనొకటి అంటాను. ఆ చివరి సీనులో ముసలమ్మ ముఖం చూపించకుండా, ఆవిణ్ణి అటు తిప్పి కూర్చోబెట్టి, వీపు మాత్రం గీస్తేనో? నోరు కనబడదు కనక బొమ్మ ఇద్దరికీ ఒకటే సరిపోతుంది. అక్కడి వాళ్ళకి ఆ పిలుపు వినబడుతుంది. మనవాళ్ళకి..." అని ఆగాడు.

"మనవాళ్ళకి?" అంది మా అమ్మాయి.

"ఏమీ వినబడదు. అన్నాళ్ళూ వాగిన మనిషి, పిల్ల గుమ్మం దాటుతుంటే నోరు మెదపదు. పిల్లకి అర్థం కాదేంటమ్మా?"

దుబాసీ అమ్మాయి చెప్పడం పూర్తికాకముందే ఆయనకి అర్థమైనట్టుంది. వణికే చేత్తో గాలిలో ఒక వీపు గీశాడు, వంగిన వీపు. తర్వాత కోటు రెండో చెయ్యి కూడా విప్పేసి, చల్లారిన టీ తాగాడు.

గీయడానికి చాలా కాలమే పట్టింది. మధ్యలో ఆయన ఆస్పత్రిలో పడ్డాడని తెలిసి మా అమ్మాయి సరిగ్గా అన్నం తినలేదు. చివరికి బొమ్మలు వచ్చాయి.

ఆ రోజు నా పని ఏమీ అనకపోవడం. అంతకంటే తేలికేముందని నవ్వుకుంటూ వెళ్ళాను. ఏమీ అననప్పుడు మైకు ముందుకి రావడమెందుకంటే, మనిషి ఉన్నట్టు ఊపిరి వినబడాలని చెవులుగారు పట్టుబట్టాడు. తెర మీద పిన్ని వచ్చింది. పిచ్చుక సంచి సర్దుకుంది. ముసలమ్మ అటు తిరిగి కూర్చుంది. పిల్ల గుమ్మంలో నిలబడి వెనక్కి చూసింది.

"జాగర్తే తల్లీ," అనేశాను.

"పిన్నిగారూ!" అన్నాడు చెవులుగారు. మా అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. "అమ్మా, ఒక్కసారి ఊరుకోవే. జన్మలో ఒక్కసారి."

మళ్ళీ వేశారు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుందామనుకున్నాను, గుడ్డ చప్పుడు మైకులో పడుతుందని మానేశాను. పిల్ల చూస్తోంది. వాన పడుతోంది. ఆ వంగిన వీపు కదలడం లేదు. నా లోపల ఎన్ని మాటలు తోసుకొచ్చాయో. అక్కడ చలిగా ఉంటుంది, ఆ పిన్ని నీకు జడ వేస్తుందో లేదో, రాత్రి భయం వేస్తే ఎవరి పక్కన పడుకుంటావు. అన్నీ పళ్ళ వెనకాలే ఆగిపోయాయి. ఊపిరి మాత్రం పోయింది బయటికి. పిచ్చుక చాలాసేపు నిలబడింది. తర్వాత సంచి కింద పెట్టింది.

తెర నల్లగా అయిపోయింది. అద్దం వెనకాల చెవులుగారు తల వంచుకుని కూర్చున్నాడు, బాగుందనీ అనలేదు, మళ్ళీ అనీ అనలేదు. మా అమ్మాయి వచ్చి నా భుజం పట్టుకుంది.

"అయిపోయిందమ్మా. ఇంక మాట్లాడచ్చు."

నాకు మాట రాలేదు. దవడ మాత్రం ఆడుతోందని అది తర్వాత చెప్పింది.