ముక్కాలి పట్టిన రెడ్డెమ్మ

తుపాకి కాల్చేది మామా. కానీ రెడ్డెమ్మ ముక్కాలి పట్టందే ఆ తుపాకి గుండు ఒక్కటీ సూటిగా పోదు. ఈ మాట రెడ్డెమ్మ చెప్పుకునేది కాదు, మామాయే తన అక్కచెల్లెళ్ల దగ్గర చెప్పేది. రెడ్డెమ్మ కాదనేదీ కాదు. ఉన్నమాట ఎవరంటే ఏం?

మామా అంటే ఉమ్ సాలెం, కువైట్‌లోని మిష్రిఫ్‌లో రెడ్డెమ్మ వంటచేసే ఇంటి యజమానురాలు. అరవై దాటిన మనిషి. ఎడారిలో గుడారాల మధ్య పెరిగింది, తండ్రి దగ్గర గురి నేర్చుకుంది, తుపాకికి లైసెన్సూ ఉంది. ఇప్పుడు కుడి భుజం పట్టేయడంతో తుపాకి బరువు ఆపలేక మూడు కాళ్ల స్టాండు తెప్పించుకుంది. తెప్పించుకోగానే అయిపోతుందా? ఇసుకలో కాళ్లు దిగబడతాయి, గాలికి తల ఊగుతుంది. రెడ్డెమ్మ కొన్నాళ్లు ఆ తంతు చూసి నవ్వుకుంది. తర్వాత నేతిడబ్బా మూతలు తెచ్చి ఒక్కో కాలి కింద ఒకటి పెట్టింది, నడిమి కొక్కేనికి నీళ్ల క్యాను వేలాడదీసింది, వెనక కాలికి వీపు ఆనించి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అంతే, ముక్కాలి మూడు రాళ్ల పొయ్యిలాగా కుదురుకుంది.

ఆ ఇంటివాళ్లకు ఊరి బయట ఎడారిలో, కబ్ద్‌లో గొర్రెల దొడ్డి ఉంది. చలికాలమంతా గురువారం సాయంత్రాలు మామా అక్కడికి బయల్దేరుతుంది, వంటకు రెడ్డెమ్మ వెంట ఉండాల్సిందే. ఎవరెవరో పెంచి వదిలేసిన కుక్కలు ఆ ఎడారిలో గుంపులు కట్టి మందల మీద పడుతున్నాయి. వాటి కోసమే మామా శుక్రవారం రాత్రి తుపాకి దింపుతుంది. గురువారం మాత్రం తిని పడుకుంటుంది. రెడ్డెమ్మకు కావలసింది కూడా ఆ గురువారమే.

ఎందుకంటే రెడ్డెమ్మ మొగుడు చిన్నపుల్లయ్య ఆ ఇసుక దిబ్బల అవతలే తనకు వీసా ఇచ్చిన ఇంకో కఫీల్ దగ్గర గొర్రెలు కాస్తాడు. ఇద్దరిదీ రాయచోటి పక్క పల్లె. ఒకే దేశంలో ఉన్న మొగుడూ పెళ్లాలు చూసుకోవాలంటే దొంగల్లాగా చూసుకోవాలి. మామాది చెడ్డ మనసు కాదు, కానీ ఇంతకు ముందు పనిచేసిన పిల్ల ఎవడితోనో చెప్పాపెట్టకుండా వెళ్లిపోయిన నాటి నుంచి ఆమెది ఒకటే మాట. "రిజ్జాల్ మాకూ." మగవాడనేవాడు ఇంటికీ రాకూడదు, దొడ్డికీ రాకూడదు. మొగుడైనా అంతే. వచ్చాడని తెలిస్తే ఇఖామా ఖలాస్, ఇక్కడ ఉండే అనుమతి రద్దు, మరునాడే ఊరికి టికెట్. ఇదెక్కడి చోద్యమమ్మా అని రెడ్డెమ్మ గిన్నెల మీద కోపం చూపించని రోజు లేదు. అయినా మామా పడుకున్నాక చిన్నపుల్లయ్య వచ్చేవాడు. వంటగది వెనక కాసేపు కూర్చుని, నాలుగు ముద్దలు తిని, ఊరి ముచ్చట్లు చెప్పి వెళ్లేవాడు.

ఆ గురువారం కారు దిగేసరికి దొడ్డి ముందు కుక్కలు చీల్చేసిన రెండు గొర్రెపిల్లలు పడున్నాయి. మామా వంగి వాటిని చూసింది. ఆ తర్వాత వచ్చిన మాట ఒక్కటే. "యల్లా, ఈ రాత్రే!"

చిన్నపుల్లయ్య వచ్చేదీ ఈ రాత్రే. కట్టెలు తెస్తానని చెప్పి రెడ్డెమ్మ వంటగది వెనక్కి వెళ్లి ఫోను చేసింది. ఎత్తింది చిన్నపుల్లయ్య కాదు, అతనితో పాటు గొర్రెలు కాసే సుభాన్.

"అన్న ఫోను ఛార్జింగులో పెట్టి పోయినాడక్కా. మేక ఈనింది గదా, జున్నుపాలు నీకిష్టమని క్యానులో పోసుకొని పోయినాడు."

"ఎంతసేపాయె సుభానూ?"

"శానా సేపాయె. ఏమైందక్కా?"

"ఏమీ కాల్యా. నువ్వు తిని పండుకో."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే పని పోతుంది, చెప్పకపోతే మొగుడు పోతాడు. ఇంకొకతె అయితే అక్కడే కూలబడి ఏడ్చేదేమో. రెడ్డెమ్మ ముక్కు చీది ఆలోచించింది. తుపాకి మామాదే కావచ్చు, ముక్కాలి ఉండేది తన వీపు మీద. తను కదిలితే గుండు ఆకాశానికి పోతుంది. ఈమాత్రం దానికి ఏడుపెందుకు? కొంగు నడుముకు దోపుకుని స్టాండు భుజాన వేసుకుంది.

దొడ్డి వెనక మట్టికట్ట మీద ఇద్దరూ కూర్చున్నారు. తుపాకికున్న థర్మల్ అద్దంలో మామా కన్ను, చేతిలో పట్టుకునే చిన్న థర్మల్‌లో రెడ్డెమ్మ కన్ను. ఎంత చీకట్లోనైనా ఒంట్లో వేడి ఉన్నదేదైనా అందులో తెల్లగా కనబడుతుంది. తెలుపు కనబడుతుందే గాని ముఖం కనబడదు. అదీ చిక్కు.

ఎంతోసేపు ఏమీ లేదు. తర్వాత తీగకంచె పక్కన తెల్లటి మచ్చ ఒకటి నేలబారుగా కదిలింది. పక్క దొడ్ల కాపలావాళ్ల కంటపడకుండా చిన్నపుల్లయ్య అక్కడ ఎప్పుడూ నడుం వంచి, క్యాను కడుపుకు అదుముకుని నడుస్తాడు. దూరం నుంచి చూస్తే తలా లేదు, చేతులూ లేవు. కానీ ఎడమ కాలు ఈడ్చే ఆ నడకను రెడ్డెమ్మ ఏ లోకంలోనైనా గుర్తుపడుతుంది.

"షూఫీ రెడ్డెమ్మా, అదేంటి?" అంది మామా గుసగుసగా.

"ఒంటెపిల్ల మామా," అంది రెడ్డెమ్మ తన వచ్చీరాని అరబ్బీలో.

"అంత పొట్టిదా?"

"ఇప్పుడిప్పుడే పుట్టినట్టుంది."

"తల్లి లేకుండానా?" మామా వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. రెడ్డెమ్మ వీపు కదిల్చింది. ముక్కాలి ఇంత ఊగింది.

"ఏమైంది నీకు?"

"చీమ కుట్టింది మామా."

"ఈ చలిలో చీమేంటి!"

కువైట్ చీమలకు చలి ఉండదు కాబోలు మామా అని అనబోయింది. లోపల్లోపల గర్వంగా కూడా ఉంది. ఇంకాసేపు ఇలాగే ఊపుతూ ఉంటే ఆయన కంచె దాటి వంటగది చాటుకు చేరిపోతాడు. ఎవరికీ చీమ కుట్టినట్టుండదు, తనకు తప్ప.

అప్పుడు మళ్లీ థర్మల్ కంటికి పెట్టుకుంది. పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆయన వెనక మచ్చలు. ఒకటి కాదు, గుంపు. పొట్టిగా, వేగంగా, చప్పుడు లేకుండా విచ్చుకుంటూ వస్తున్నాయి. జున్నుపాల వాసనో, మనిషి ఒంటరితనమో, వాటికి ఏది అందిందో గాని సరాసరి ఆయన మీదికే. గాలి ఎదురుగా ఉంది. ఆయనకు తెలియదు. నడుం వంచుకుని, తన దారిన తాను నడుస్తూనే ఉన్నాడు.

ఇంతసేపూ ఏ తుపాకి పేలకూడదని మొక్కుకుందో, ఇప్పుడు అదే పేలాలి.

"మామా," అంది రెడ్డెమ్మ. గొంతు తగ్గించలేదు. "అది ఒంటెపిల్ల కాదు. హాదా రిజ్జాల్ మాల్ అనా! నా మొగుడు! వెనక ఉన్నవి కుక్కలు. నన్ను రేపు పంపేయి, ఇప్పుడు వాటిని కొట్టు."

మామా అద్దంలోంచి కన్ను తీసి ఒక్కసారి ఆమె ముఖంలోకి చూసింది. మళ్లీ అద్దంలోకి వంగింది.

"కొట్టలేను. నీ మనిషి అడ్డం."

వేరుశనగ కాలంలో రెడ్డెమ్మ ఊళ్లో అడవిపందుల కోసం రాత్రిళ్లు మంచెల మీద తుపాకులు ఉంటాయి. మంచె మీది మనిషి కూతవేస్తే చేలల్లో ఉన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ చతికిలబడాలి. అన్నం మూట నెత్తినున్నా సరే, నీళ్లలో ఉన్నా సరే. లెమ్మని రెండో కూత వినబడేదాకా లేవకూడదు. గుండు నెత్తి మీదుగా పోతుంది. పాలు తాగే వయసు నుంచీ అక్కడివాళ్లకు అది ఒంట్లో ఉంటుంది.

కానీ అక్కడ ఉండేవి పందులు, మనిషి కూర్చుంటే వాటికేం పట్టదు. ఇవి కుక్కలు. నేల మీద కూర్చున్న మనిషిని చూస్తే కుక్క ఏం చేస్తుందో ఎవరికి తెలియదు? కూర్చోమనడానికి నోరు రావాలా, వద్దా?

రెడ్డెమ్మ ముక్కాలిని రెండు చేతులా పొదివి పట్టుకుని, ఛాతీ దానికి అదిమి, ఎడారి దద్దరిల్లేలా కూతవేసింది.

"కూ...సో...య్!"

దిబ్బ కింద తెల్లమచ్చ ఆగింది. ఆ పాటికి కుక్కల గురగుర ఆయనకు వినబడే ఉంటుంది. ఒక్క కుక్క గుర్రుమంటేనే పరుగెత్తాలనిపిస్తుంది ఏ మనిషికైనా. చిన్నపుల్లయ్య పరుగెత్తలేదు. వెనక్కి కూడా తిరగలేదు. ఉన్నచోటనే కూర్చుని తల వంచేశాడు.

తుపాకి పేలింది. ముక్కాలి వెంట్రుకవాసి కదల్లేదు. ముందున్న కుక్క గాల్లోకి లేచి కూలింది. మామా బోల్టు లాగి మళ్లీ కొట్టింది. మిగతావి చెల్లాచెదురై చీకట్లో కలిసిపోయాయి.

"ఖలాస్," అంది మామా. కాసేపు అద్దంలోనే చూసి, "లేవడేం? తగిలిందా?" అంది.

రెండో కూత వేయాలి. రెడ్డెమ్మ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఇల్లంతా అదరగొట్టే గొంతు, వాకిట్లో అరిస్తే వీధి చివర వినబడే గొంతు, ఎక్కడికి పోయిందో పోయింది. ఇక ముక్కాలి వదిలేసి కట్ట దిగి పరుగెత్తింది. చెప్పు ఒకటి ఇసుకలోనే ఊడిపోయింది.

చిన్నపుల్లయ్య తువాలు నెత్తిన కప్పుకుని, క్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. దగ్గరలోనే చచ్చిన కుక్క. రెడ్డెమ్మ ఆయన తల, భుజాలు, వీపు అన్నీ తడిమి చూసింది. ఎక్కడా నెత్తురు లేదు. అప్పుడు వచ్చింది కోపం. వీపు మీద ఒక్కటేసింది.

"ల్యాసి రావచ్చు గదయ్యా! పానం పాయె నాకు!"

"నువ్వు లెయ్యమనలేదు గదమే," అన్నాడు చిన్నపుల్లయ్య.

"కుక్కలు మీదికొస్తాంటే ఎట్ల కూసుంటివి? బయ్యం కాల్యా?"

"అయింది. శానా అయింది. నీ గొంతు గదా అని కూసుంటి."

రెడ్డెమ్మ ఆయన పక్కన ఇసుకలో కూలబడి, మొగుడి భుజం మీద తల పెట్టి బావురుమంది. కట్ట మీద టార్చి వెలిగింది. మామా ఏదో అరుస్తోంది. గాలికి ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది.

"ఏమంటాది మీ మామా? టికెట్టా?" అన్నాడు చిన్నపుల్లయ్య.

రెడ్డెమ్మ ముక్కు తుడుచుకుని చెవి ఒగ్గి విన్నది. మామా మళ్లీ అరిచింది, ఈసారి స్పష్టంగా.

"రెడ్డెమ్మా! చలిలో కూర్చోబెట్టకు ఆయన్ని. గేటు తీస్తాను, గేటులోంచి తీసుకురా!"

రెడ్డెమ్మ లేచి నిలబడింది. చెయ్యి చాచింది. ఇప్పుడు గొంతు వచ్చింది, పెద్దగా కాదు, పక్కనున్న మనిషికి వినబడేంత.

"లెయ్యి."