గోడ యవతలి కంపనము

వైశాఖమాసపు మధ్యాహ్నము. ప్రచండభానుడు భాగ్యనగరము నడినెత్తిని నిలిచి నిప్పుకణికలవంటి కిరణములను కుమ్మరించుచుండగా తారుబాటలు మెత్తబడి పాదచారుల చెప్పుల నంటుకొనుచుండెను. వంతెన నీడను చేరిన ఆటోవాండ్రు తడితువ్వాళ్లు మొగములపై కప్పికొని కునుకు తీయుచుండిరి. ముంజెలబండి వాడు తన సరకుపై పఱచిన గోనెపట్టకు మాటిమాటికి నీళ్లు చిలుకరించి ఆ నీళ్లు ఆవిరియగుట చూచుచు కూర్చుండెను. ఎత్తైన ప్రకటనఫలకముల వెనుక కపోతములు సైతము గొంతు విప్పక ఱెక్కలు ముడుచుకొని యుండ నిత్యకోలాహలశీలమైన యా మహానగరము మౌనవ్రతము పూనినదానివలె తోచుచుండెను.

అట్టి వేళ చిక్కడపల్లిలోని యొక నాలుగంతస్తుల కట్టడము క్రింద వీథికి పదునాఱు మెట్లు దిగువనున్న సెల్లారులో మాత్రము వేఱొక ఋతువు వర్తించుచుండెను. పగలును రాత్రియు నెఱుగని ట్యూబులైటు వెలుగులో సున్నపువాసనతోడి చల్లదనము నిండిన యా నేలమాళిగయందు మేర అంబుజ యను నేబదియొక్క యేండ్ల వనిత కుట్టుమిషను ముందు కూర్చుండి జాకెట్టు చేతులు కుట్టుచుండెను. ఆమె భర్త చిన్నవయసుననే గతించెను. సంతానము లేదు. తొమ్మిదేండ్ల క్రిందట విషజ్వరము సోకగా నెలదినములు ఆసుపత్రిలో పడియుండి ప్రాణము దక్కించుకొని వచ్చెను గాని ఆ జ్వరము పోవుచు పోవుచు ఆమె రెండు చెవులను వెంటబెట్టుకొని పోయెను. మాటలాడుట ఆమె మఱవలేదు. పెదవుల కదలికను చూచి యెదుటివారి పలుకును గ్రహించుట కూడ నేర్చికొనెను. అయినను వినలేనివారితో మాటలాడుటకు లోకమునకు ఓపిక తక్కువ. మొదట పలుకరించినవారు కొంతకాలమునకు సైగ చేయ మొదలిడిరి. సైగ చేసినవారు మఱికొంతకాలమునకు కొలతల కాగితమును బల్లపై పెట్టి పోసాగిరి. దినమున కిరువదిమంది వచ్చి పోవు దుకాణములో ఆమె ఒంటరిగానే యుండెను.

అంతకు ముందు ఫాల్గుణము ముగియు దినములలో ఆమె దుకాణము నానుకొని యున్న పాత కాగితముల గిడ్డంగిని నలుగురు యువజనులు అద్దెకు తీసికొనిరి. ఆ నగరమున నేలమీద వినబడు పాటలు గాక నేలక్రింద పుట్టు పాటలు కొన్ని కలవు. అవి చలనచిత్రములకు చేరవు. రేడియోలలో పలుకవు. పెండ్లిపందిళ్లలో వానికి చోటు లేదు. కళాశాలలకు వేసవి సెలవులు దగ్గఱపడగానే కొందఱు పిల్లలు గిటార్లును డ్రమ్ములును మోసికొని సెల్లారులలోనికిని మూతపడిన కార్ఖానాలలోనికిని సగము కట్టి విడిచిన భవనముల యడుగులకును దిగి తమ కోపమును తమ దిగులును తమ నోటి భాషలోనే పాడుకొందురు. వారి కచేరీలకు బోర్డు లుండవు. ఫోనునుండి ఫోనునకు ప్రాకిన వార్తయే యాహ్వానము. నల్లచొక్కాలు తొడిగి వచ్చిన నూఱుమందియో నూటయేబదిమందియో విని చెమటలో తడిసి చెదరిపోవుదురు. పైన నడచు నగరమున కీ సంగతి తెలియదు.

అంబుజకును తెలియదు. ఒకనాడు మూడు గంటల వేళ ఆమె సూదికి దారమెక్కించుచుండగా రేకుమూతలోని గుండుసూదులు తమంతట తామే యదరుట కనబడెను. భూకంపమేమో యని లేవబోయి మిషను పెడలుమీది పాదమును తీయలేకపోయెను. ఆ యినుములోనుండి యేదియో అరికాలిలో ప్రవేశించి మోకాలెక్కి యెదను చేరి యచ్చట ఆగి యాగి తట్టుచుండెను. ఆమె మెల్లగా పోయి గోడకు అఱచేయి యానించెను. గోడ బ్రదికి యుండెను. పెద్దదెబ్బ యొకటి. దాని వెనుక చిన్నవి రెండు. మఱల పెద్దది. వాని నడుమ సన్నని జీరవలె సాగు మఱియొక కంపము. తొమ్మిదేండ్లుగా ఎవ్వరును తట్టని తలుపు నెవరో తట్టినట్లు తోచి ఆమె కన్నులు చెమర్చెను.

మఱునాడే మిషనును లాగి యా గోడ కానించి వేసికొనెను. నాటినుండి మూడు మొదలు ఆఱు గంటల వఱకు ఆమె కుట్టు ఆ లయను పట్టుకొని సాగుచుండెను. అవతలివారు నిలిచినచోట తానును నిలుచును. వారు మఱల మొదలిడిన తానును మొదలిడును. ఏ పాట కోపముతో నడచునో యేది దుఃఖముతో నడచునో కొన్ని దినములలో ఆమె పాదములకు తెలిసిపోయెను. వారు రాని దినమున ఆమెకు అన్నము సహింపదయ్యెను.

చైత్రము చివర నొక సాయంకాలము డ్రమ్ములు వాయించు పిల్ల ఆమె దుకాణమునకు వచ్చెను. పేరు హెప్సిబా. సికిందరాబాదు పిల్ల. ఇరువదియొక్క యేండ్లుండును. జుట్టు కుఱుచగా కత్తిరించుకొని వ్రేళ్లకు ప్లాస్టరు పట్టీలు చుట్టుకొని యుండెను. డ్రమ్ముపై కప్పు గవుసెన చినుగగా కుట్టించుటకు దానిని తెచ్చెను.

“మా లొల్లికి మీకు తక్లీఫ్ ఐతలేదా ఆంటీ?” అని గవుసెన విప్పుచు అడిగెను.

“నాకు చెవులు వినపడవు బిడ్డా. నా దిక్కు మొఖం పెట్టి నిమ్మళంగ మాట్లాడు, తెలుసుకుంట.”

“అయ్యో! అట్లయితే మంచిదే అయింది. పక్కన మీరుండుడు మా అదృష్టం.”

ఆ పిల్ల మాటలో దోషము లేదు. అయినను ఆ తుది పలుకును పెదవులపై చదివినంత అంబుజ హృదయము చివుక్కుమనెను. వినువారిలో నొకతెగా నుండవలెనని తా నాశపడుచుండగా వారు తన్ను గోడలోని యిటుకగా నెంచిరి. మీ పాట నాకు తెలియునని నోటిదాక వచ్చిన మాటను సిగ్గుచేత మ్రింగి ఆమె గవుసెన చినుగును కొలిచి వ్రాసికొనెను.

పది దినములు గడచెను. ఆ కట్టడపు మొదటి యంతస్తున విద్యాసాగరు అను పెద్దమనుష్యుడు కాపురముండెను. అంబుజ చెవులు పోగొట్టుకొని దిక్కుతోచక యున్న దినములలో ఈ దుకాణము నామెకు కుదిర్చినవా డాతడే. ఒక మధ్యాహ్నమున ఆతడు మెట్లు దిగి వచ్చి చేతిలోని యర్జీని బల్లపై పఱచి ఆమె కెదురుగా కూర్చుండెను. ఆతని కన్నులు నిద్రలేమిచే ఎఱ్ఱబడి యుండెను.

“అంబుజా, మా అమ్మకు తొంభై దాటినయి. పగటి దెబ్బలకు బెదిరి నాలుగు దినాల సంది రాత్రి గూడ కన్ను మూయలే. ఒక్కో దెబ్బకు ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంటున్నది.”

“నాకైతే ఏం వినపడదు గద సారూ.”

“అది నాకెరుకే. కానీ గోడ పక్క దుకాణం నీదే. నీ సంతకం లేంది ఓనరు నా మాట వింటలేడు.”

అంబుజ యర్జీని చదివెను. గోడ ప్రక్కనున్న తనకు ఈ శబ్దము భరింపరానిదిగా నున్నదని అందు వ్రాసి యుండెను. ఆమె తలయెత్తి చూచెను. విద్యాసాగరు చూపు మరల్చుకొనెను. ఆ క్షణమున గోడ యవతల పాట సాగుచునే యుండెను. ఆమె పాదములక్రింద నేల తట్టుచునే యుండెను. ఆమె పెడలుమీదినుండి కాళ్లు తీసి కుర్చీకమ్మిపై పెట్టుకొని సంతకము చేసెను.

నాలుగవనాడు గిడ్డంగికి తాళము పడెను.

మూడు గంటలయ్యెను. గుండుసూదులు కదలలేదు. అలవాటు చొప్పున ఆమె గోడకు చేయి యానించెను. చల్లని సున్నము తప్ప మఱేమియు లేదు. చెవులు పోయిన నాడు తాను చూచినదే నిశ్శబ్దమని ఆమె యింతకాలము నమ్మియుండెను. దానిక్రింద నింకొక యంతస్తు కలదనియు అందులోనికి తానే తలుపు తీసికొని దిగితిననియు ఇప్పుడు తెలిసెను. కుట్టు వంకరలు పోయెను. ఒకే జాకెట్టును మూడుమాఱులు విప్పి కుట్టవలసి వచ్చెను. ఆ వారమే విద్యాసాగరు తల్లికి కుట్టిన రవికెల నిచ్చుటకు మొదటి యంతస్తునకు పోగా ఆ వృద్ధురాలు నోరు కొంచెము తెఱచుకొని పసిబిడ్డవలె గాఢనిద్రలో నుండెను. ఆ నిద్రను చూచి తాను చేసినది తప్పనియు నిశ్చయింపలేక ఒప్పనియు నిశ్చయింపలేక అంబుజ రవికెలను మంచముకడ నుంచి చప్పుడు కాకుండ తిరిగి వచ్చెను.

మఱి రెండు దినములకు హెప్సిబా గవుసెన కొఱకు వచ్చెను. ముఖము వాడి యుండెను.

“ఎవరో కంప్లైంటు ఇచ్చిండ్రట ఆంటీ. సామానంత ఆగమాగం తీసుకపోవాల్సొచ్చింది. ఎవరో తెలిస్తే ఒక్క మాట అడగాలని ఉంది.”

అంబుజ గవుసెనను మడచుచున్న చేతుల నాపెను. చెప్పకున్నను ఎవ్వ రామెను సందేహింపరు. చెవిటిదానిని సందేహించువా రెవరు?

“నేనే బిడ్డా. సంతకం నాదే.”

హెప్సిబా “మీకు వినపడదు గద!” అనెను.

“వినపడదు. కానీ తెలుస్తది.”

ఇట్లని అంబుజ కత్తెర నెత్తి దాని పిడితో కోతబల్లపై తట్టసాగెను. పెద్దదెబ్బ యొకటి. దాని వెనుక చిన్నవి రెండు. వేగము హెచ్చెను. ఎడమచేతి వ్రేళ్లతో నడుమనున్న సన్నని దెబ్బలను పూరించుచు ఆ పిల్లలు నెలదినములు సాధనచేసిన పాట నామె మొదటినుండి వాయించుకొని పోయి యొకచోట కావలయునని తడబడి మఱల సరిదిద్దుకొనెను. హెప్సిబా చేయి అసంకల్పితముగా బల్లపై పడెను.

“ఈడ... ఈడనే నేను దినాం తప్పుతున్న.”

“అవు. పదకొండో దెబ్బ. మొన్న ఒక్క మంగళారం తప్పలే. ఆనాడు నాకు పండుగనే.”

హెప్సిబా కన్నుల నీరు నిండెను. ఆ నీటివెనుక కోపము కూడ మండుచుండెను. “మా ఇంట్ల ఒక్కలు గూడ ఒక్కనాడు వినలే ఆంటీ. ఇంత తెలిసిన మీరు సంతకం ఎట్ల చేసిన్రు?”

“మీదింట్ల ముసలామె నిద్ర నా చేతుల ఉండె. మీ పాట గూడ నా చేతులనే ఉండె. సారు నాకు అన్నం పెట్టించినోడు. ఏది ఇడవాల్నో తెల్వలే బిడ్డా. నాది ఇడిసిన అనుకున్న. మీది ఇడిసిన అని తర్వాత ఎరుకైంది.”

“నా కోపం పోలే.”

“పోవద్దు. ఉండనియ్యి.”

ఆ పిల్ల గవుసెనను చంకనిడి మెట్లవఱకు పోయి యాగెను. తిరిగి వచ్చి కొలతల పుస్తకమును తనవైపు త్రిప్పుకొని మూసీకి ఆవల మూతపడిన యొక ఐసు కార్ఖానా గుఱుతులను ఆదివారము నాలుగు గంటలని వేళను వ్రాసి వెడలిపోయెను.

ఆదివారమునాడు అంబుజ రెండు బస్సులు మాఱి దారి తప్పి యిద్దఱి నడిగి వారి పెదవులు చదివి తుదకు ఆ కార్ఖానా వెనుకనున్న యేటవాలు బాటను దిగి పోయెను. ఒకప్పుడు మంచుదిమ్మలు పేర్చియుంచిన నేలమాళిగ యది. నల్లచొక్కాల యువజనులు క్రిక్కిఱిసి యుండిరి. వారి నడుమ నేతచీర కట్టిన నడివయసు స్త్రీ యామె యొక్కతెయే. దారి యిచ్చిరి గాని ఎవ్వరును పలుకరింపలేదు. ఆమె చెప్పులు విడిచి స్తంభముప్రక్క వట్టికాళ్లతో నిలిచెను. హెప్సిబా తన్ను చూచెనో చూడలేదో తెలియలేదు.

పాట మొదలయ్యెను. గోడ యడ్డములేని యా కంపము ఏటివెల్లువవలె వచ్చి ఆమెను కమ్ముకొనెను. చీరకుచ్చెళ్లు వడకెను. పండ్లు వడకెను. కన్నులు మూసికొని ఎంతసేపు నిలిచెనో ఆమె యెఱుగదు. తెఱచి చూచునప్పటికి వేదికపై హెప్సిబా చేతులు రెండును గాలిలో నిలిచియుండెను. గిటార్లు పట్టినవారు చెమట తుడుచుకొనుచుండిరి. పాట ముగిసియుండెను. అయినను నేల యాగలేదు. అది యింకను అదరుచునే యుండెను.

విస్మయమున అంబుజ చుట్టును చూచెను. ఆ యువజనులందఱును పాదములతో నేలను మోదుచుండిరి. ఒకరు వేఱొకరిని చూచుటలేదు. కొందఱి కన్నులు మూసియుండెను. ఏ యింట నెవ్వరికిని వినబడని దేదియో చెప్పుకొనుటకు వచ్చినవారివలె ఎవరికివారు ఒంటరిగా నిలిచి ఒక్క నేలనే తట్టుచుండిరి. ఆ తాకిడి యంతయు కలిసి ఆమె అరికాళ్లలోనికి వచ్చి చేరుచుండెను.

అంబుజ తన పాదము నెత్తి నేలను తట్టెను. ఆ దెబ్బ యంతమంది నడుమ ఎవ్వరికిని వినబడియుండదు. ఆమెకును వినబడలేదు. అయినను ఆమె మఱల పాదమెత్తెను.