చిలక్కి జొన్నకంకి

చిలకలంటే బాలప్పకు పగ. కంబదూరు పక్క మెట్టచేలల్లో జొన్న పాలుపట్టే వేళకు గుంపులుగా వచ్చి వాలుతాయి. తినేది కొంచెం, కొరికి పారేసేది బోలెడు. చిన్నప్పట్నుంచీ మంచె మీద నిలబడి వడిసెల తిప్పి వాటి మీదికి రాళ్ళు విసిరిన చెయ్యి ఆయనది. అలాంటి మనిషి ఇంటికి కోడలు త్రివేణి ఒక సాయంత్రం చిలకను తెచ్చింది.

త్రివేణి కళ్యాణదుర్గంలో ఒక ఆసుపత్రిలో నర్సు. బస్టాండు దగ్గర చిలకజోస్యం చెప్పే గురప్ప అనే ముసలాయన జ్వరంతో ఆమె వార్డులో చేరి, కోలుకోకుండానే పోయాడు. మంచం కిందున్న చిలకపెట్టె కోసం ఎవరూ రాలేదు. బయట వదిలేద్దామంటే దానికి రెక్కలు కత్తిరించి ఉన్నాయి. పైగా రొమ్మంతా బోడి. తన ఈకలు తానే పీక్కుంటోంది.

“ఇదేం బతుకమ్మా దీనిది? కోసేకి పీకి పెట్టిన కోడి మాదిరుండాది,” అన్నాడు బాలప్ప.

“ఆ ముసలాయన గౌరీ అని పిలుస్తాండినాడు మామా. పిలిస్తే పలుకుతాది.”

“పలికితే పలికింది. నా కంటికి కనపడనీకు.”

కొడుకు కిరణ్ రోడ్డు ప్రమాదంలో పోయినప్పట్నుంచి ఆ ఇంట్లో వాళ్ళిద్దరే. బాలప్ప భార్య అంతకు ముందే కన్నుమూసింది. పుట్టింటివాళ్ళు రమ్మన్నా త్రివేణి పోలేదు. ఎందుకు పోలేదో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. అన్నానికి పిలవడం, మందుబిళ్ళలు గుర్తుచేయడం, అంతవరకే మాటలు. కిరణ్ పేరు ఇద్దరిలో ఎవరి నోటా వచ్చేది కాదు. బాలప్ప చేను బీడు పెట్టేసి, పొద్దస్తమానం అరుగు మీద కూర్చునేవాడు.

పశువుల డాక్టరు చిలకను తిప్పి తిప్పి చూశాడు. “జబ్బేం లేదమ్మా. ఇంత చిన్న పెట్టెలో బతికింది. తోడున్న ఒక్క మనిషీ పోయినాడు. దీన్ని ఉత్తగా కూర్చోనీకండి. పెద్ద పంజరం, స్నానానికి నీళ్ళు, కొరుక్కునేకి ఏమన్నా ఉండల్ల. పక్కన మనిషి ఉండల్ల. కొన్నిచోట్ల ఈకలు ఇంక రాకపోవచ్చు,” అన్నాడు. ఫారెస్టు ఆఫీసులో అడిగితే, చిలకను ఇంట్లో పెంచకూడదు గానీ ఎగరలేని దాన్ని వదిలితే చస్తుంది కాబట్టి రెక్కలొచ్చేదాకా చూసుకోమన్నారు.

త్రివేణి డ్యూటీకి పోతే దాని పక్కన ఉండేదెవరు? అరుగు మీది మనిషే.

మొదట్లో ఆయన పంజరానికి వీపు తిప్పి కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం టపటపమని రెక్కలు కొట్టుకున్న చప్పుడుకు తిరిగి చూస్తే పంజరం అడుగున రక్తం. కొత్తగా మొలుస్తున్న ఈకను మొదలంటా లాగేసుకుంది. బాలప్ప తువ్వాలు వేసి దాన్ని పట్టుకుని, గాయం మీద పసుపు అద్ది బొటనవేలితో ఒత్తిపెట్టాడు. అది కసిగా వేలు కొరికింది. ఆయన వదల్లేదు. గుప్పెట్లో దాని గుండె దడదడలాడుతోంది. ఒళ్ళు వెచ్చగా ఉంది. కొడుకును తెల్లగుడ్డలో చుట్టి తెచ్చిన రోజు, తాకడానికి ధైర్యం చాలక ఆయన దూరంగా నిలబడిపోయాడు. రక్తం ఆగాక కూడా చాలాసేపు చిలకను అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

మరుసటి రోజు పక్కింటి ఈశ్వరి పశువులకు తెచ్చిన చొప్పలో ఒక జొన్నకంకి మిగిలి ఉంటే ఏరుకొచ్చి పంజరంలో కట్టాడు. గౌరి తల వాల్చి చూసింది. కాలితో ఒడిసిపట్టింది. గింజ గింజా ఒలుచుకుంటూ పొద్దుగూకేదాకా దాంతోనే ఉంది. ముక్కు రొమ్ము మీదికి పోలేదు.

తొలకరి పడగానే బాలప్ప చేను దున్నించాడు.

“ఏమప్పా బాలప్పా, శనక్కాయ మాని జొన్న ఏస్తాండావంట? చిలకలకా?” అని నవ్వాడు పక్కచేని హనుమంతప్ప.

“ఊ, చిలక్కే,” అన్నాడు బాలప్ప.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. పైరు మోకాలెత్తులోనే వాడిపోయింది. పల్లంలో ఉన్న కొన్ని సాళ్ళు మాత్రం ఎలాగో నిలదొక్కుకుని సన్నటి కంకులు వేశాయి. ఆయన రోజూ పంజరం మోసుకుపోయి మంచె నీడన వేలాడదీసేవాడు. ఒక ఉదయం చిలకల గుంపు రానే వచ్చింది. చెయ్యి దానంతటదే వడిసెల తిప్పింది. పంజరంలోంచి గౌరి గొంతెత్తి అరిచింది. పైనుంచి గుంపు బదులు పలికింది. వడిసెల ఆగిపోయి రాయి కాళ్ళ దగ్గర పడింది. ఆ రోజు నుంచి ఖాళీ డబ్బా కొట్టి తోలాడే గానీ రాయి విసరలేదు.

ఒక ఆదివారం త్రివేణి సద్ది తీసుకుని చేనికి వచ్చింది. మంచె దగ్గర మామ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. తీరా చూస్తే ఆయన, చిలక తప్ప ఎవరూ లేరు. గౌరి రొమ్ము మీద బూడిదరంగు నూగు కనిపించింది.

“దీంతో ఏం చెప్తాండావు మామా?”

బాలప్ప తల దించుకున్నాడు. “కిరణ్ గాని గురించి.”

సద్దిగిన్నె మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. “దినామూనా?”

“దినామూ. నేను మాట్లాడ్తాంటే అది ఇంటాది. ఆపితే పీక్కునేకి మొదలుపెడతాది.”

“మరి నాకెందుకు చెప్పవు?” త్రివేణి గిన్నె కింద పెట్టేసింది. “నేను ఈడెందుకుండాననుకుంటివి? ఆయన మాట మాట్లాడుకునేకి ఈ ఇల్లు కాక ఇంక యాడుండాది నాకు?”

“నువ్వు ఏడుస్తావని...”

“ఏడిస్తే ఏడుస్తా. చెప్పు మామా.”

బాలప్ప మంచె వైపు చూశాడు. “చిన్నప్పుడు వాణ్ణి ఈ మంచె మీద కాపలా పెట్టి ఊర్లోకి పోతి. వచ్చి చూస్తే చేను నిండా చిలకలు. నిద్రపోయినాడేమో అనుకోని ఎక్కితే, కండ్లు తెరుచుకోనే ఉండాడు. ‘ఏమ్రా, తోల్లేదే?’ అంటే, ‘వాటికి ఆకలైందేమో నాయనా’ అన్నాడు. కొట్టల్నో నవ్వల్నో నాకు తెలీలేదు.”

త్రివేణి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. బాలప్ప ఇంకో సంగతి ఎత్తుకున్నాడు. సద్ది తినడం ఇద్దరికీ గుర్తులేదు.

ఏడాది తిరిగేసరికి గౌరికి రెక్కల ఈకలు కొంత వచ్చాయి, పంజరం మీది నుంచి దూలం దాకా ఎగురుతోంది. రొమ్ము నడుమ మాత్రం బోడిగానే మిగిలింది. చలిగాలికి తట్టుకోలేదని ఫారెస్టు వాళ్ళు ఇంకొన్నాళ్ళు ఉంచుకోమన్నారు. గాలి హోరెత్తే రోజుల్లో అది ఇప్పటికీ పీక్కుంటుంది. అప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరు చేతిలో పని పక్కనపెట్టి దాని దగ్గర కూర్చుంటారు.