పంటిగాట్ల తాయెత్తు

నేను ఒక రాగి తాయెత్తును. చిటికెన వేలి కొనంత ఉంటాను. కంచరి చేతిలో పుట్టి, ఆంజనేయస్వామి సన్నిధిలో అర్చకుడి మంత్రం విని, నల్లదారంతో దివిజ మెడలోకి చేరాను. అప్పుడామెకు పన్నెండేళ్లు. కూతురికి చదువు రావడం లేదని, అమలాపురంలో ఉండే వాళ్లమ్మ సత్యవేణి నన్ను కట్టించింది.

పిల్ల తెలివైనదే. ఒకసారి విన్న పురాణకథ పొల్లుపోకుండా చెప్పేది. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు తారుమారయ్యేవి. క్లాసులో పైకి చదవమన్నప్పుడల్లా నన్ను నోట్లో పెట్టుకుని కొరికేది. నా ఒళ్లంతా పంటిగాట్లు. వాటిని నేను నగల్లా చూసుకునేదాన్ని. కష్టమొస్తే గుర్తొచ్చేది నేనే కదా!

అందుకే పోటీకి ఎవరొచ్చినా ఓర్వలేకపోయాను. కళ్లజోడు వచ్చి అటకెక్కితే సంతోషించాను. ట్యూషన్ మాస్టారి బెత్తం, జ్ఞాపకశక్తి లేహ్యం కూడా ఓడిపోయాయి. ఓడింది నేనూ అనుకోండి. దేవుడి సొమ్మును ఎవరూ ఆ మాట అనరు.

పదో తరగతిలో దివిజ సరిగా తినడం మానేసింది, బడికి వెళ్లనంది. "బద్ధకం కాదమ్మా, చదవడంలోనే ఏదో ఇబ్బందేమో. పరీక్ష చేయించండి" అంది తెలుగు టీచరు. ఎక్కడ చేస్తారో ఆమెకూ తెలియదు. పిల్లల డాక్టరు నరాల డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన స్కానింగ్ తీయించి అంతా బాగానే ఉందన్నాడు. బాగుంటే పిల్ల ఎందుకు ఏడుస్తోందో చెప్పలేదు. వాకబు చేయగా చేయగా, కాకినాడ ఆసుపత్రిలో మనసు డాక్టర్ల విభాగంలో ఆ పరీక్ష చేస్తారని తెలిసింది.

"పొద్దున్నే ఎక్కడికే తల్లీకూతుళ్లు?" అంది పక్కింటి మంగతాయారు.

"పళ్ల డాక్టరు దగ్గరికి వదినా" అంది సత్యవేణి, గబగబా.

"రాగి ముక్క కొరికితే పళ్లుంటాయేంటి మరి!"

నాకు ఒళ్లు మండింది.

ఆసుపత్రిలో పరీక్ష చేసే ఒకావిడ బల్లమీద ఎర్రవీ తెల్లవీ చెక్కముక్కలు పోసి, బొమ్మ చూపించి, అలా పేర్చమంది. ఏ గుడి మెట్టూ ఎక్కని చెక్కలు! దివిజ చకచకా పేర్చి నవ్వింది. మూడేళ్లలో నేను వినని నవ్వు అది.

తర్వాత చదవమంది. నేను మామూలుగా నోట్లోకి వెళ్లాను.

"తొందరేం లేదు తల్లీ. అది తీసి చెప్పు, చదివేటప్పుడు లోపల ఎలా ఉంటుంది?"

దివిజ నన్ను తీసింది. "భయమేస్తాదండి. అందరూ నవ్వుతారు. నేను లేకపోతే అమ్మకి హాయిగా ఉంటాదేమో అనిపిస్తాదండి."

మూడేళ్లుగా ఆ గొంతుకు ఆనుకుని ఉన్నది నేను. నాకు చెప్పలేదు. ఇప్పుడే చూసిన మనిషికి చెప్పింది! అసూయతో భగ్గుమన్నాను. అంతలోనే ఒకటి తట్టి చల్లబడ్డాను. ఆ మాట పైకి రాబోయిన ప్రతిసారీ, ఆమె పళ్ల మధ్య అడ్డంగా ఉన్నది నేనే.

అమ్మకు చెప్పడానికి దివిజ సరేనన్నాక, ఆవిడ బయట కూర్చున్న సత్యవేణిని పిలిచి అంతా చెప్పింది. "తెలివికి లోటు లేదమ్మా. అక్షరాలు చదవడంలోనే ఇబ్బంది. దానికి నేర్పే పద్ధతి వేరే ఉంది. ముందు ఈ దిగులు సంగతి చూద్దాం. ఇవాళే మా డాక్టరుగారు చూస్తారు. పిల్లని ఒంటరిగా వదలొద్దు."

సత్యవేణి కూతుర్ని పొదువుకుని ఏడ్చింది. కాసేపటికి నన్ను చూపించి, "అయితే దీన్ని తీసేయమంటారాండీ?" అంది.

"ఎందుకమ్మా? మెడలో ఉండనివ్వండి. నోట్లోకే వద్దు."

ఆ తర్వాత వారం వారం కాకినాడ ప్రయాణాలు. ఒకరోజు మంగతాయారు మళ్లీ ఆపింది. "ఇన్నిసార్లేంటే, పళ్లన్నీ పీకించేస్తున్నారా?"

"పళ్లు బానే ఉన్నాయత్తా. మేం వెళ్లేది మనసు డాక్టరు దగ్గరికి" అంది దివిజ.

మంగతాయారు నోరు తెరిచింది. పాపం, కొరకడానికి ఆమె మెడలో తాయెత్తు లేదు.

ఇప్పుడు దివిజ వరుస కింద వేలు పెట్టుకుని మెల్లగా చదువుతోంది. నామీద కొత్త గాటు పడలేదు. ఆ లోటు నాకుంది. దీపం వేళ సత్యవేణి నన్ను కళ్లకద్దుకుని, "నువ్వే కాపాడావు స్వామీ" అంటుంది. ఆ మాటలో చెక్కముక్కలకూ వాటా ఉందని నాకు తెలుసు. చెబుదామంటే నాకు నోరు లేదు.

ఉన్నా చెప్పను.