వెనక పిలుపు

రాత్రి వాన కోసిన గాడిలో రాధారాణి పారతో కంకర పోసి, బూటు మడమతో తొక్కుతోంది. సున్నపురాయిని నలగ్గొట్టి చేసిన బూడిదరంగు కంకర అది. తడిస్తే గట్టిగా పట్టేస్తుంది, ఎండితే పిండిలా లేచి సాక్సుల్లోకీ, ముక్కులోకీ, చివరికి మధ్యాహ్నం తినే పులిహోరలోకీ చేరుతుంది. గాడి పూడ్చి, రేక్‌తో పైపైన దువ్వి, ఒకసారి వంగి చూసుకుంది. ముగ్గు వేసే ముందు వాకిలి చూసుకున్నట్టే చూసుకుంటుంది ఎప్పుడూ.

పొట్టి మనిషి. యాభై దాటాయి. నల్ల ప్యాంటు మీద మోకాళ్ళ దాకా వేలాడే నారింజరంగు జాకెట్టు, ఊలు టోపీ, టోపీ కింద నుంచి సన్నటి జడ. ఆమెకు తగిన కొలత జాకెట్టు ఈ పనిచ్చిన కౌంటీ ఆఫీసు వాళ్ళ దగ్గర లేదు. అడిగితే తెప్పించేవాళ్ళే. ఆమె అడగలేదు. నోట్లో నాలుక లేని మనిషని పుట్టింట్లో పేరు, అత్తింట్లోనూ అదే పేరు.

ఒకప్పుడు రైలు నడిచిన దారి అది. పట్టాలు పీకేసి కంకర పరిచి, నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వదిలేశారు. షామ్‌బర్గ్ ఊళ్ళో ఇళ్ళ వెనక మొదలై మొక్కజొన్న చేలలోకి పోతుంది. రోడ్డు అడ్డం వచ్చిన ప్రతిచోటా బాటకు నడిమధ్యన ఒక పసుపురంగు గుంజ పాతి ఉంటుంది. దాన్ని దాటి కారు లోపలికి రాలేదు.

రాధారాణికి కారు నడపడం రాదు. రెండుసార్లు టెస్టు తప్పింది. మూడోసారి పరీక్ష పెట్టేవాడు పక్కన కూర్చోగానే ఏడ్చేసింది. ఈ దేశంలో కారు రాకపోతే కాళ్ళుండీ లేనట్టే. పాలకీ, గుడికీ, పంటి డాక్టరుకీ భర్త తీరిక కోసం కాచుకుంటూ చాలా ఏళ్ళు గడిపింది. ఆయన చెడ్డవాడేం కాదు. "ఎక్కడికైనా చెప్పు, డ్రాప్ చేస్తా" అనేవాడు. ఆ మాట వినీ వినీ తనొక పార్సిలేమోనని ఆమెకు అనుమానం పట్టుకుంది. పని చేసుకోవడానికి పర్మిట్ వచ్చేసరికి చదివిన బీఎస్సీ కాస్తా పాతబడిపోయింది. ఒకరోజు ఇంటి వెనక బాట మీద నడుస్తూ పోయి, బాట బాగుచేసే పనికి మనుషులు కావాలని కౌంటీ ఆఫీసు ముందు అంటించిన కాగితం చూసింది. ఎవరూ డ్రాప్ చేయకుండా తనంతట తాను వెళ్ళివచ్చిన మొదటి ఆఫీసు అదే. ఆ వేళ ఇంటికొచ్చి స్వీటు చేసుకుంది. ఎందుకని భర్త అడిగితే ఊరికేనంది.

"అయిపోయిందా? ఇంకో గుంత ఉంది ముంగట," అని కేకేసింది శేషమ్మ.

శేషమ్మది జగిత్యాల. కొడుకు కవల పిల్లల్ని పెంచడానికి వచ్చింది. పిల్లలు బడికి పోయాక ఖాళీగా కూర్చోలేక, గ్రీన్‌కార్డు ఉంది గనక ఈ పనిలో చేరింది. ఇద్దరికీ చెరో మూడు చక్రాల సైకిలు, వెనక తొట్టి, తొట్టిలో కంకర. ముందు శేషమ్మ, వెనక రాధారాణి. ఇన్నేళ్ళుగా అదే వరస. ఈ రోజుతో సరి. శేషమ్మ కొడుకు అఖిల్‌కి ఎక్కడో దూరాన చాండ్లర్‌లో ఉద్యోగం వచ్చింది, రేపు పొద్దున ప్రయాణం.

ఆ వరసకు కారణం ఉంది. ఈ బాట మీద ఎవరినైనా దాటిపోవాలంటే వెనక నుంచి "ఆన్ యువర్ లెఫ్ట్" అని కేకెయ్యాలి. ఎడమ పక్కన వస్తున్నాం, జరగండని. శేషమ్మ గొడ్లను అదిలించినట్టు అరుస్తుంది, జనం బెదిరి తుప్పల్లోకి జరుగుతారు. రాధారాణి నోరు తెరవదు. మొహమాటం సగం. మిగతా సగం తెనాలిలో అమ్మమ్మ నేర్పింది. పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదు, పోయే పని చెడుతుంది. పొరపాటున పిలిచారా, ఆ మనిషి వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మరి ఈ బాట మీద అందరూ పోయేవాళ్ళే. పొద్దస్తమానం ఇంతమంది పనులు చెడగొట్టమంటే ఎలా?

సైకిలుకు గంట పెట్టించుకుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళకు గంటేం వినిపిస్తుంది? వాళ్ళంతట వాళ్ళు తిరిగి చూసేదాకా వెనకే మెల్లగా పోయేది. పోయిన నెల శేషమ్మ సెలవు పెట్టిన రోజున ఒక పెద్దాయన అలాగే తిరిగి చూసి, నారింజరంగు ఆకారం ఒకటి తన మెడ మీద ఊపిరి వదులుతున్నట్టు కనిపించేసరికి గడ్డిలో కూలబడ్డాడు. కంప్లయింట్ వెళ్ళింది. సూపర్‌వైజర్ కెల్లీ కసరలేదు. సోమవారం నుంచి నువ్వొక్కదానివే పోవాలి, పిలవగలిగితే బాట నీది, లేకపోతే పిక్నిక్ పార్కులో రెస్ట్‌రూమ్‌లు కడిగే పని ఇస్తానని నవ్వుతూనే చెప్పింది. పిక్నిక్ పార్కుకు కారులో తప్ప పోలేరు. రాధారాణికి కడగడం బాధ కాదు. మళ్ళీ ఒకరు డ్రాప్ చేయాలన్నదే బాధ.

"గా పిల్లను పిలువు," అంది శేషమ్మ గుంత పూడ్చాక. ముందర ఒక అమ్మాయి కుక్కతో నడుస్తోంది.

"ఆ అమ్మాయి ఏదో పనిమీద పోతోందక్కా."

"వాకింగ్‌కు పోతుందే. నువ్వు పిలిస్తే ఏం చెడిపోతది? ఒక్క కిలో తగ్గదు, అంతే గదా."

రాధారాణి నోరు తెరిచింది. గాలి వచ్చింది గాని మాట రాలేదు. కుక్కే నయం, తిరిగి చూసింది.

మధ్యాహ్నం వంతెన పక్క బెంచీ మీద తిన్నారు. ఈమె పులిహోర, ఆమె సర్వపిండి, సగం సగం. శేషమ్మ సంచీలోంచి స్టీలు గ్లాసు తీసింది. బాటిల్ నోట్లో పెట్టుకుని తాగితే తాగినట్టుండదని రోజూ తువ్వాలులో చుట్టి తెచ్చుకుంటుంది. అంచు కింద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టించి ఉంది, పెళ్ళినాటి గ్లాసు. ఎత్తి పట్టి గటగటా ఒక్క గుక్కలో తాగేసి మూతి తుడుచుకుంది.

"నేను పోతున్నంటే ఒక్క మాటన్న అనకపోతివి," అంది, చేల వైపు చూస్తూ.

"ఏమనాలి అక్కా."

"ఏమో. తిట్టరాదు?"

రాధారాణి డబ్బా మూత పెట్టింది. ఆ కబురు తెలిసిన రాత్రి ఆమె స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చింది. ఆ సంగతి నోటిదాకా వచ్చి, ఎప్పటిలాగే అక్కడే ఆగిపోయింది.

తిరుగుదారిలో శేషమ్మ పట్టుబట్టి ఆమెను ముందు పోనిచ్చింది. ముందర ఒక ముసలి జంట వీపులు కనబడ్డాయి. రాధారాణి సైకిలు దిగి, గడ్డిలోంచి, ముళ్ళకంపల్లోంచి తొట్టిని ఈడ్చుకుంటూ వాళ్ళను చుట్టేసి వచ్చింది. జాకెట్టు నిండా పల్లేరుకాయల్లాంటివేవో అంటుకున్నాయి.

"ఇంకేం, సోమవారం నుంచి బాత్రూంలు కడుక్కో పో," అంది శేషమ్మ కోపంగా. కాసేపటికి తనే దగ్గరికొచ్చి, ఒక్కొక్క కాయనే ఏరి పారేసింది.

షెడ్డులో సైకిళ్ళు పెట్టి తాళం వేశారు. శేషమ్మ జాకెట్టు మడిచి కెల్లీ బల్ల మీద పెట్టింది. గ్లాసు కడిగి, తువ్వాలులో చుట్టి, సంచీలో వేసుకుంది. పసుపు గుంజ అవతల అఖిల్ కారు నిలబడి ఉంది. అక్కడిదాకా కంకర మీద నడవాల్సిందే.

"పోయొస్త రాధా."

రాధారాణి తలూపింది.

శేషమ్మ నడిచింది. కుడికాలు కాస్త ఈడుస్తుంది, కంకర ఒకసారి కరకరమని, ఒకసారి బర్రుమని చప్పుడు చేస్తుంది. సైకిళ్ళు దిగినప్పుడల్లా ఆ చప్పుడు వెనకే రాధారాణి ఇన్నేళ్ళూ నడిచింది. చప్పుడు సన్నబడుతోంది. గుంజ దగ్గర పడుతోంది. శేషమ్మ ఏమీ మర్చిపోలేదు. పిలవడానికి ఏ సాకూ లేదు.

"శేషక్కా!"

చెట్ల మీది పిట్టలు లేచాయి. అంత దూరాన పోతున్న ఇద్దరు సైకిలువాళ్ళు గబుక్కున కుడిపక్కకు జరిగారు.

శేషమ్మ అక్కడే ఆగిపోయింది. తిరిగి చూసింది. మెల్లగా, ఆ కాలు ఈడ్చుకుంటూ అంత దూరమూ వెనక్కి వచ్చింది.

"ఏం మర్సిన?"

"ఏం మర్చిపోలేదు."

"మరెందుకు పిలిస్తివే?"

"పిలిచాను కదా. కూర్చోవాలి. నీళ్ళు తాగి వెళ్ళాలి," అంది రాధారాణి.

శేషమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఇలాంటి నమ్మకాలను జన్మలో లెక్కచేయని మనిషి, వెళ్ళి షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుంది. సంచీ విప్పి, తువ్వాలు విప్పి గ్లాసు తీసింది. రాధారాణి తన బాటిల్‌లోంచి అంచుదాకా పోసింది. రోజూ ఒక్క గుక్కలో తాగే శేషమ్మ, కాఫీ తాగినట్టు కొంచెం కొంచెంగా చప్పరిస్తూ తాగింది. మధ్యమధ్యలో ఆగి చేల వైపు చూసింది. ఇద్దరి భుజాలూ ఆనుకుని ఉన్నాయి.

కారు హారన్ మోగింది. "అమ్మా, ఇంకా ప్యాకింగ్ ఉంది!" అని అరిచాడు అఖిల్.

"వస్తున్నరా. నీళ్ళు తాగుతున్న," అని అరిచింది శేషమ్మ. తర్వాత రాధారాణి చేతి మీద చెయ్యేసి, "మంచి గొంతే ఉంది నీకు. ఇన్నేండ్లు ఏడ దాసినవే?" అంది.

శేషమ్మ లేచింది. ఈసారి పోయొస్తనని అనలేదు. కంకర కరకర, బర్రు. గుంజ దాటింది. కారు తలుపు పడింది. రాధారాణి రెండోసారి పిలవలేదు.

కారు చప్పుడు కూడా పోయాక పక్కకు చూసింది. బెంచీ మీద స్టీలు గ్లాసు అలాగే ఉంది, అడుగున ఇంకా గుక్కెడు నీళ్ళతో.